అత్తకు ఆఖరి స్నానం

మా అత్త పోయింది. మగవాళ్లు గొయ్యి తవ్వడానికి కొండవాలుకి వెళ్లారు. వాకిట్లో వేసిన గుడారంలో అత్తకు స్నానం చేయించడానికి నేను, బిష్కెక్ పట్నం నుంచి వచ్చిన ఆడపడుచు నుర్జాత్, పొరుగింటి ముసలమ్మ కూర్చున్నాం.

నేను నీళ్లు పోస్తుంటే నుర్జాత్ తల్లిని పక్కకి ఒత్తిగిలించింది. వీపంతా పుండ్లు.

మంచం పట్టిన మనిషిని పూటపూటకీ పక్కలు మార్చమని డాక్టరు చెప్పాడు. గొర్రెలు ఈనే రోజులు, తీరికేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"స్నానంలో చూసింది ఈ గుడారం దాటకూడదు తల్లీ," అంది ముసలమ్మ.

నుర్జాత్ పుండ్లన్నీ మెల్లగా కడిగి, కఫన్ గుడ్డ చుట్టింది.

బయటికొచ్చాక ఏడుస్తున్న ఆడవాళ్లతో అంది: "మా వదిన అమ్మని పువ్వులా చూసుకుంది. ఒంటిమీద చిన్న మచ్చ కూడా లేదు."

అందరూ నన్ను దీవించారు. నేను తలెత్తలేకపోయాను. నుర్జాత్‌ని పొయ్యి దగ్గరికి లాక్కెళ్లాను.

"నాలుగు తిట్టవే నన్ను! అలా ఎందుకు చెప్పావు?"

"ఏ మొహం పెట్టుకుని తిట్టను వదినా? వీపు మండిపోతోంది, వచ్చి తీసుకుపోవే అని అమ్మ ఎన్నిసార్లు ఫోన్లో ఏడ్చిందో! ప్రతిసారీ వచ్చే వారం వస్తానన్నాను."