పడని తలుపు

"మళ్ళీ పట్టేసింది!" నోరీన్ నడవ తలుపుని భుజంతో ఒక్క తోపు తోసింది. తలుపు ద్వారబంధానికి ఒరుసుకుని మూలిగింది గానీ మూసుకోలేదు.

"దాంతో కుస్తీ మానెయ్," అన్నాడు డెస్, పెట్టెకి తాడు బిగిస్తూ. "ఇంట్లో ఉన్నవాడల్లా వెళ్ళేముందు ఆ ద్వారబంధానికి ఓ పూత పూసి పోయాడు. ఉప్పుకాగితంతో గీకి పారేస్తే ఏ గొడవా లేదు. ఆ మహాతల్లి గీకనివ్వదుగా!"

మహాతల్లి అంటే మిసెస్ పెవరిల్. మలేసియాలోని పెనాంగ్‌లో ఆస్ట్రేలియా వైమానిక దళం వాళ్ళ ఇళ్ళన్నీ ఆవిడ అజమాయిషీలోనే ఉన్నాయి. పోస్టింగు ముగించుకుని ఎవరు స్వదేశం వెళ్ళాలన్నా ఆవిడొచ్చి ఇల్లు చూసి సరే అనాలి. అనకపోతే విమానం ఎక్కేది లేదు. పొయ్యి లోపల వేలు పెడుతుంది, ఫ్యానురెక్క మీద చేతిగుడ్డ రాస్తుంది. ఆవిడ వస్తోందంటే సార్జెంట్లు కూడా చొక్కా సర్దుకుంటారు.

పైగా ఈ ఇంటిమీద ఆవిడ కన్ను కాస్త ఎక్కువ. ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చేది, వచ్చి నడవలో నిలబడిపోయేది. "మనమేం పాపం చేశామో!" అని నోరీన్ విసుక్కునేది.

ఈ సాయంత్రం ఆవిడ వస్తోంది. రేపు ప్రయాణం.

నోరీన్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. తుడిచిన కిటికీనే మళ్ళీ తుడిచింది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. ఎటు తిరిగినా చూపు మాత్రం ఆ ద్వారబంధం మీదికే పోతోంది. దాని మీద పెన్సిలు గీతలున్నాయి, పిల్లల ఎత్తులు. పైన పెద్దమ్మాయి కెర్రీవి, కింద చిన్నాడు గ్లెన్‌వి. గ్లెన్ పుట్టింది ఈ ఊళ్ళోనే. మొదటిసారి లేచి నిలబడింది ఆ చెక్క పట్టుకునే.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇళ్ళు మారడమే సరిపోయింది. ప్రతి ఇంట్లోనూ గీతలు గీసింది. ఖాళీ చేసేముందు తన చేత్తోనే వాటిమీద రంగు కొట్టింది. ఈసారి చెయ్యి రాలేదు.

"డెస్, ఆ చెక్క ఊడదియ్యి."

"ఏంటీ?"

"ఛాతీ ఎత్తు దాకా కోసి తీసెయ్. పిల్లల గీతలు అంతకంటే పైకి లేవు. కొత్త ముక్క వడ్రంగి చేత నిన్ననే చేయించా."

"మతి పోయిందా నీకు? మన దేశంలో దిగగానే తనిఖీలో చెక్కముక్క కనిపిస్తే పురుగుందని తగలబెడతారు. ఆ తనిఖీకి భయపడే కదా పిల్లల బూట్లకున్న మట్టి పళ్ళ బ్రష్షుతో గోకావు!"

"తగలబెడితే వాళ్ళు తగలబెట్టుకోనీ. నా చేత్తో నేను చెరపను."

డెస్ భార్య మొహంలోకి చూశాడు. రంపం అందుకున్నాడు.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. కొత్త ముక్క మీద తెల్లరంగు ఆరిపోయింది. పాతదాన్ని దుప్పట్లో చుట్టి పెట్టెల వెనక దాచారు.

"కనిపెడుతుందంటావా?" అంది నోరీన్, పదోసారి.

"ఆవిడకి మనుషులే పట్టరు, కర్రముక్క ఏం పడుతుంది? ఆదివారమొస్తే సమాధుల తోటలో కూర్చుంటుందట. మొగుడు పోయాడేమో. అందరూ స్వదేశం వెళ్ళిపోతుంటే తను మాత్రం కదలదు."

బయట కారు ఆగింది.

మిసెస్ పెవరిల్ గొడుగు మూసి లోపలికొచ్చింది. "పొయ్యి బాగుంది. కుళాయిలు బాగున్నాయి. ఎక్కడికి, టౌన్స్‌విల్‌కేనా?"

"అవునండీ," అంది నోరీన్.

ఆవిడ నడవలోకి నడిచింది. అలవాటుగా భుజం ఆనించి తలుపుని గట్టిగా తోసింది. తలుపు ఒక్క ఊపున ధన్‌మని పడింది. ఆవిడ ముందుకు తూలి గోడ పట్టుకుంది.

నిలదొక్కుకుని, వంగి ద్వారబంధాన్ని కింది నుంచి పైదాకా తడిమింది. అతుకు చేతికి తగిలింది.

"పాత చెక్క ఏది?"

"పుచ్చిపోయిందండీ, అందుకని..." నసిగాడు డెస్.

"ఏదయ్యా అది? పారేశారా? కాల్చేశారా?" ఆవిడ గొంతు వణికింది. కోపం నెత్తికెక్కింది, ఇంక అయిపోయాం అనుకుంది నోరీన్.

"మేమేం కాల్చలేదు!" కెర్రీ ఉక్రోషంగా దుప్పటి లాగేసింది. "ఇదిగో!"

మిసెస్ పెవరిల్ చెక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీన్ని తిరిగి బిగించండి. ఇప్పుడే. లేకపోతే రేపు ప్రయాణం లేదు."

నోరీన్‌కి ఇన్నాళ్ళ ఉక్రోషం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "మీకసలు మనసుందా? మావాడు మొదటిసారి నిలబడింది ఇది పట్టుకుని. మీకిది ఒట్టి కర్ర! ఇది పోతే మీ సొమ్మేం పోయింది?"

ఆవిడ చెక్కని ఒళ్ళో పెట్టుకుని పెట్టె మీద కూర్చుంది. కూర్చున్నాక గొంతులో అధికారం పోయింది.

"నీ గీతల మీద రంగు వెయ్యమ్మా. పలచగా వెయ్యి. గీకొద్దు. రంగు కింద ఏదీ చెరగదు."

"మీకెలా తెలుసు?" అంది నోరీన్ కళ్ళు తుడుచుకుంటూ.

మిసెస్ పెవరిల్ వేలు గ్లెన్ గీతకి కాస్త కింద, ఏ గుర్తూ లేనిచోట ఆగింది.

"దీని అడుగు పూత కింద మా తమ్ముడి ఆఖరి గీత ఉంది."