పస లేని కాఫీ

“ఇది కాఫీయా, కుడితా?”

డ్రాఫ్ట్స్‌మన్ కప్పు ఠక్కున పెట్టాడు. గీస్తున్న నక్షా మీద రెండు చుక్కలు చిందాయి.

ఆఫీసులో కాఫీ ఇచ్చే ముసలావిడ కొంగుతో వాటిని అద్దింది. “రోజూలాగే కలిపాను బాబూ.”

“నాలుగు నెలలుగా ఇదే వరస. రంగుంది, చేదుంది, పస మాత్రం లేదు.”

బదిలీ మీద వచ్చిన కొత్తలోనే డాక్టరు అతనికి చెప్పాడు, గుండె బాగాలేదు, కాఫీ మానేసి బార్లీ గింజలు వేయించి ఆ పొడి కలుపుకోమని. “ఇక గడ్డి కూడా మేయమంటాడు!” అని అతను ఆఫీసంతా నవ్వించాడు. ఆవిడ ఒక్కతే నవ్వలేదు.

అందరికీ కప్పు పెట్టి వెళ్ళిపోయే మనిషి, ఇతని కుర్చీ వెనక మాత్రం నిలబడిపోతుంది. అతను తాగి కప్పు దించేదాకా కదలదు. అతనికి వెన్నులో చలి పుట్టేది.

“దెయ్యంలా ఆ నిలబడటమేంటమ్మా? నా చావు చూడాలనా?”

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ సాయంత్రమే అతను పెద్దాఫీసరుకి ఫిర్యాదు చేశాడు. మర్నాడు ఆవిడ బదులు కాఫీ మిషన్ వచ్చింది. మొదటి గుక్కకే అతనికి ప్రాణం లేచొచ్చింది. రోజుకి ఐదు కప్పులు లాగించాడు.

మూడో వారానికల్లా చెయ్యి వణికింది. తిన్నగా సాగాల్సిన గీత వంకరపోయింది. గుండె ఉండుండి దడదడలాడేది. అన్నిటికంటే భయం, వెనక ఎవరో నిలబడ్డట్టే ఉండటం. తిరిగి చూస్తే ఖాళీ గోడ.

డాక్టరు నాడి పట్టుకుని, “కాఫీ మళ్ళీ మొదలెట్టారా?” అన్నాడు.

“మానితే కదండీ! మీరు వద్దన్నా తాగుతూనే ఉన్నాను.”

“పోయినసారి గడియారంలా కొట్టుకుంది మీ గుండె. మీలాంటి గుండెతో కాఫీ తాగేవాళ్ళకి అలా ఉండదు.”

అతను నేరుగా ఆఫీసు వంటగదికి వెళ్ళాడు. పై అరలో, కాఫీ డబ్బా వెనక, చిన్న డబ్బా దొరికింది. మూత మీద సుద్దముక్కతో ‘కిటికీ పక్క కుర్చీ’ అని రాసుంది. అది అతని కుర్చీయే. లోపల నల్లటి పొడి, అడుగున నలగని గింజలు నాలుగు.

“బార్లీ సార్,” అన్నాడు అటెండరు. “ఇంట్లో వేయించి దంచి తెచ్చేది. మీకు తెలిస్తే తాగరని, చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.”

“ఆవిడ ఇల్లెక్కడ? కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తా.”

“పోయి పది రోజులైంది సార్.”

అతను గోడకి ఆనుకున్నాడు. “నేనేమవుతానని ఆవిడకింత...”

“మీకు ముందు ఆ కుర్చీలో గీసినాయన కూడా డాక్టరు మాట వినలేదు సార్. ఇంటి నుంచి భార్య పంపిన ఫ్లాస్కులో కాఫీ సగం తాగి, అలాగే నక్షా మీద వాలిపోయారు.”

అటెండరు ఆ డబ్బా మూత నెమ్మదిగా పెట్టాడు.

“ఆ ఫ్లాస్కు నింపింది ఈవిడే.”