పదో ప్రశ్న

డయాలసిస్ గొట్టాలతో ఇంట్లో మంచం మీదున్న చిదంబరానికి తొమ్మిది ప్రశ్నలయ్యేసరికి ముప్ఫై ఎనిమిది మార్కులొచ్చాయి. నలభై రాకపోతే సోమవారం వచ్చి ఆ యంత్రాన్ని పట్టుకుపోతారు. బతుకు బాగోలేనివాళ్లకి వైద్యం దండగ అన్నది ఇప్పటి చట్టం.

ఆయన భార్య వింధ్యావళి గోడకానుకుని నిలబడి ఉంది. జీవన నాణ్యతని కొలవొచ్చని దేశంలో మొట్టమొదట చూపించిన పరిశోధకురాలు ఆవిడే. ఎవరికి ఎక్కువ సాయం కావాలో తెలుస్తుందని నలభై ఏళ్ల కిందట ఆ పది ప్రశ్నలూ రాసింది.

"ఏమండీ, కాస్త ఆలోచించి చెప్పండి," అంది ఉండబట్టలేక.

"మేడమ్ గారూ, పక్కనున్నోళ్లు అందించకూడదండి," అంది ట్యాబ్ పట్టుకున్న వార్డు సచివాలయం ఉద్యోగిని నీలవేణి. "ఆ రూలు మీరు పెట్టిందేనంట కదా! ఇంకోసారి మాట్లాడితే మొత్తం సున్నా అయిపోద్ది."

వింధ్యావళి చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు. మొదటి ప్రశ్నాపత్రం ఆయన చేతే నింపించింది కూడా అందుకే.

"ఆఖరిదండి. రేపు చెయ్యాలని మీకు ఆశగా ఉన్న పని ఏదన్నా ఉందా?"

చిదంబరం తల తిప్పి భార్యకేసి చూశాడు. లేదనేస్తాడేమోనని ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఉందమ్మా. మా ఆవిడ చేత ఈ పది ప్రశ్నలూ కొట్టేయించాలి."

ట్యాబ్ ఒక్క క్షణం ఆగి నలభై రెండు చూపించింది.

నీలవేణి గేటు దాటగానే వింధ్యావళి తలుపు గడియ పెట్టింది. ఆ తర్వాత వచ్చి మంచం పక్కన కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది.

"రేపు ఒక్కటే కొట్టేద్దామండీ," అంది. "ఎల్లుండికి ఇంకోటి ఉంచుదాం."