ఒడ్డుకు దూకిన కుక్క

“ఆ ఫొటో తీసింది నేనేనండీ,” అన్నాడు స్టూడియో యజమాని.

“అది నేను తీసింది బావా,” అన్నాడు పక్కనే నిలబడ్డ బావమరిది.

ఫొటోగ్రఫీ క్లబ్బు సెక్రటరీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పడవలోంచి ఒడ్డుకు దూకుతూ గాలిలో ఉన్న కుక్క, దాని వెనక పొగమంచు. ఆ బ్లాక్ అండ్ వైట్ ఫొటోకే ఈ ఏడాది మొదటి బహుమతి. పోటీకి అది స్టూడియో పేరుతో వచ్చింది. ప్రదర్శనలో మాత్రం ఫొటో కింద తీసిన మనిషి పేరు ఉండాలి. ఆ పేరు రాసుకు పోదామనే ఆయన వచ్చాడు. సాయంత్రంలోగా తేల్చకపోతే రెండో బహుమతి ఫొటోను మొదటి స్థానానికి జరపాల్సి వస్తుందని మర్యాదగానే చెప్పాడు.

చిక్కంతా వాళ్లు పని చేసే తీరులో ఉంది. స్టూడియోలో ఉన్న రెండు కెమెరాలూ ఒకే రకం. ఏది ఎవరి చేతికి అందితే వాళ్లు దాన్ని పట్టుకుపోతారు. తిరిగి రాగానే మెమరీ కార్డులన్నీ ఒకే ఫోల్డర్లో కుమ్మరించేస్తారు. ఏ ఫొటో ఎవరిదని ఎవరూ రాసి పెట్టరు, ఇంతవరకూ ఆ అవసరమూ రాలేదు. ఆ రోజు పక్క ఊళ్లో ఓ కంపెనీ ఫంక్షన్ ముగించుకుని, తెల్లారి తిరిగి వస్తూ స్టూడియో వాళ్లు ముగ్గురూ రేవు దగ్గర కారు ఆపారు. కుక్క పడవకూ ఒడ్డుకూ మధ్య ఆగకుండా గంతులేస్తోంది. బావా బావమరిదీ దాన్ని ఎడాపెడా తీశారు. ఇప్పుడు ఇద్దరికీ ఆ గెంతు కళ్లకు కట్టినట్టు గుర్తుంది.

ఈ పేరు కూడా బావ ఖాతాలోకే పోయేటట్టయితే తను వేరే స్టూడియో పెట్టుకుంటానని బావమరిది తెగేసి చెప్పాడు.

“పెట్టుకో. బోర్డు మీద కుక్క బొమ్మ వేయించడం మర్చిపోకు,” అన్నాడు యజమాని.

“బొమ్మెందుకు బావా, కుక్కనే గుమ్మంలో కట్టేస్తా. నువ్వొస్తే అదే గుర్తుపడుతుంది, ఎవరు తీశారో.”

కంప్యూటర్ ముందు కూర్చున్న ఆమె కుర్చీ ఇటు తిప్పింది. యజమానికి భార్య, బావమరిదికి అక్క. స్టూడియోలో ఫొటోలు దిద్దే పనంతా ఆమెదే. అరుచుకోవడం దేనికి, అసలు ఫైలు తీసి చూద్దామంది.

ఆమె వాడేది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఊరికే వచ్చినదానికి ఇన్ని మీటలేమిటని మొదట్లో మొగుడు వెక్కిరించేవాడు. ఆమె సెక్రటరీకి విడమరిచి చెప్పింది. కెమెరా పట్టిందంతా ‘రా’ ఫైలులో, అంటే దిద్దని అసలు ఫైలులో, చెక్కుచెదరకుండా ఉంటుంది. తను చేసిన మార్పులను సాఫ్ట్‌వేర్ వరసగా పక్కన రాసుకుంటుందే తప్ప అసలును ముట్టుకోదు. చివరి మార్పు నుంచి ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ పోతే, మీట నొక్కిన క్షణంలో కెమెరా ఏం చూసిందో అదే తెరమీదికి వస్తుంది.

సెక్రటరీకి ఉత్సాహం వచ్చింది. కుక్కది ఏ రంగని అడిగాడు. నలుపన్నాడు యజమాని. గోధుమ రంగన్నాడు బావమరిది.

ఆమె నొక్కింది. తెర మీద రంగులు లేచాయి. కుక్క గోధుమ రంగులో ఉంది.

బావమరిది కుర్చీ లాక్కుని కాలు మీద కాలేసుకున్నాడు. యజమాని తెరలోకి వంగి చూశాడు. తన కంటికి అది నల్లగానే ఎలా కనిపించిందో ఆయనకు అంతుపట్టలేదు.

మళ్లీ నొక్కింది. పెంచిన వెలుతురు పోయి ఫొటో మబ్బుపట్టినట్టయింది. యజమాని నిటారుగా నిలబడ్డాడు. ఆకాశం తెల్లగా మాడిపోకుండా తను ఎప్పుడూ కాస్త చీకటిగానే తీస్తాడు. వీడు తీసినవైతే సున్నం కొట్టినట్టుంటాయని సెక్రటరీకి చెప్పాడు. అది నిజమే. బావమరిది కాలు దించేశాడు.

ఈసారి నొక్కేసరికి నీటి గీత ఓ పక్కకు ఒరిగింది.

“ఇలా వంకరగా తీసేది నువ్వే,” అన్నారు ఇద్దరూ ఒకేసారి. అన్నాక, బహుమతిని చేతులారా ఎదుటివాడికి ఇచ్చేశామని తెలిసి ఇద్దరూ నాలుక కరుచుకున్నారు.

సెక్రటరీ తల గోక్కున్నాడు. రంగు చూస్తే ఇతను, చీకటి చూస్తే ఆయన, వంకర చూస్తే ఎవరూ కాదు. యజమాని తన భార్య వైపు వంగి, సెక్రటరీకి వినపడకుండా అడిగాడు.

“ఏమోయ్, తీసింది నేనే కదా?”

“మీరేగా అంత గట్టిగా చెప్పారు.”

ఆయన ఇంకా అయోమయంలో పడ్డాడు. బావమరిది అయితే మోకాళ్ల మీద కూర్చుని తీశాడో, నిలబడి తీశాడో చేతులు గాల్లో పెట్టి చూసుకుంటున్నాడు.

“ఇంకొక్కటే మిగిలింది. అంచులు కోసేశాను, ఆ క్రాప్,” అందామె. “అదీ తీసెయ్యమంటారా, ఇక్కడితో చాలా?”

ఇద్దరూ తీసెయ్యమన్నారు.

ఆమె నొక్కింది. ఫొటో అన్ని వైపులకూ విచ్చుకుంది. మధ్యలో కుక్క చిన్నదైపోయింది. ఎడమ అంచున కొత్తగా రేవు మెట్లు కనిపించాయి. ఆ మెట్ల మీద, కుక్కకు వీపులు తిప్పి, ఒకే కెమెరా తెరలోకి తలలు దూర్చి, అంతవరకూ తీసినవి చూసుకుంటూ కూర్చున్నారు బావా బావమరిదీ.

సెక్రటరీ పెన్ను మూత తీసి ఆమె వైపు తిరిగాడు. “మీ పేరు చెప్పండమ్మా.”