కొత్త కోడలి ఈతబట్ట

చెప్పిన బట్టను నేసిచ్చే, ఇంటింటా ఉండే నేతపెట్టె “ఈతబట్ట తయారైంది” అనగానే లోహిత చేతిలోని అట్లకాడ జారిపడింది. ట్రాన్స్ మహిళ అయిన ఆ కొత్త కోడలు ఇన్నేళ్లూ టేపు బిగించి నడుము కింద ముందుభాగాన్ని అణచుకుంది. ఒరిసిన పుళ్లు ఉప్పునీళ్లకు మండుతాయని సముద్రంలో అడుగే పెట్టలేదు.

బట్ట విప్పి చూసి, “బిగుతుగా ఉంటుందని ఒక సైజు తక్కువ చెప్పానే!” అంది.

“నొప్పించే కొలత నేయను,” అంది పెట్టె.

“దానికున్నపాటి బుద్ధి నీకు లేదు తల్లీ,” అని అత్తగారు మెత్తగా దెప్పింది.

లోహిత తొడుక్కుంది. వంగింది, బాసింపట్టు వేసి కూర్చుంది. ముందు నున్నగా ఉంది, ఎక్కడా ఒరుసుకోలేదు. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, తలుపు తీసి అత్తగారిని పిలిచింది.

“అత్తయ్యా, రేపు పొద్దున్నే మీ అబ్బాయీ నేనూ భీమిలి వెళ్తున్నాం, మీరూ రావాలి. ఈసారి ఒడ్డున కూర్చోను. మెడలోతు దాకా దిగుతాను.”