ఐదు మీటర్ల నడక

"ఆరు సెకన్లు. పోయిన నెల తొమ్మిది పట్టింది మీకు," అంది నర్సు సిగ్నె, గడియారం ఆపి.

అక్సెల్ గర్వంగా భార్య బిర్తె వైపు చూశాడు. నెలంతా ఆమె వంటింటి టైమరు పట్టుకుని, రోజూ ఇంట్లో ఐదేసి మీటర్లు నడిపించింది.

"తొడలోంచి గొట్టం పంపి గుండె కవాటం మారుస్తారుగా, ఆ తర్వాత ఏడాదికి ఎలా ఉంటానంటోంది మీ కంప్యూటర్ లెక్క?"

సిగ్నె కంప్యూటర్ చూసింది. "బాగానే ఉంటారు. ఒంటరిగా ఉంటారు కాబట్టి మార్కులు కాస్త తగ్గాయి."

"ఒంటరిగానా? మా ఆవిడ ఇదిగో, పక్కనే కూర్చుంది."

"ఫారం నింపింది ఆవిడేనండీ."

బిర్తె చేతిసంచి మూసింది. "అబద్ధం రాస్తే లెక్క తప్పుతుంది అక్సెల్. ఆగస్టులో నేను ఓడెన్సె వెళ్ళిపోతున్నాను. అక్కడ ఇల్లు తీసుకున్నా."

"నాకెప్పుడు చెబుదామనుకున్నావు?"

"నీ అంతట నువ్వు తిరగగలవని తేలాక."

నడక కొలవడానికి నేల మీద అంటించిన రెండు పసుపు గీతల వైపు చూశాడు అక్సెల్.

"నడిపించింది ఇందుకన్నమాట," అన్నాడు.

తర్వాత నర్సు వైపు తిరిగాడు.

"ఆ ఆరు కొట్టెయ్యమ్మా. తొమ్మిదే ఉంచు."