గుమ్మం ముందు భోజనం బండి

వార్డులో ఒంటరి ముసలివాళ్లకు మధ్యాహ్నం భోజనం తెచ్చే బండిని తోలే మనిషి లేడు; అది తనంతట తానే నడిచే యంత్రం. ప్రతి గుమ్మం ముందూ తనే ఆగి, "భోజనం చేశారా అండీ?" అని అడుగుతుంది. చేయలేదంటే క్యారేజీ ఇస్తుంది. చేశామంటే పక్కింటికి పోతుంది.

నూకరత్నం మోకాళ్ల నొప్పితో పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. అయినా బండి అడగగానే, "ఇప్పుడే తిన్నాను బాబూ. నువ్వు తిన్నావా?" అంది. డెబ్బై ఏళ్లుగా ఎవరడిగినా ఆమె చెప్పే జవాబు అదే.

"లేదండీ," అని బండి వెళ్లిపోయింది.

మూడు రోజులపాటు ఇదే వరస. ఆమెకు టీ, మరమరాలే గతి అయ్యాయి.

"తినలేదని చెప్పొచ్చు కదా పిన్నీ!" అని పక్కింటి వరహాలమ్మ తల బాదుకుంది.

"గుమ్మంలోకొచ్చినోడితో ఇంట్లో తిండి లేదని ఎలాగంటానే? సిగ్గు కాదూ!"

నాలుగో రోజు బండి ఏమీ అడగలేదు. "ఈ గుమ్మంలో మూడు రోజులుగా తిననివారు ఒకరున్నారని ఆఫీసులో నమోదైందండీ. అది నేనే. నాకు భోజనం మంజూరు చేశారు. కానీ తినడానికి నాకు నోరు లేదు," అంటూ క్యారేజీ బయటపెట్టింది.

"ఇప్పుడే తిన్నాను గానీ, అన్నం పారేయకూడదు కదా!" అని నూకరత్నం రెండు చేతులా అందుకుంది. బెండకాయ వేపుడు చివరి ముక్క దాకా తిని, గిన్నెలు కడిగి ఇచ్చింది.

"రేపు కూడా ఏమీ తినకుండా రా బాబూ."